సొంత సర్వీసు

ట్రాక్టరు స్టార్టు కాలేదు.

గిరిబాబు మళ్ళీ తాళం తిప్పాడు. గర్రుగర్రుమని ఆగిపోయింది.

నిన్నటికి మడి సగమే దమ్ము అయింది. గట్టు మీద నారు కట్టలు వాడిపోతున్నాయి. పక్క మడిలో ఉభాలకి వచ్చిన పదిమంది ఆడవాళ్ళు నడుం వంచి నాట్లు వేస్తున్నారు. ఈ మడి తయారు కాకపోతే మధ్యాహ్నం నుంచి వాళ్ళకి పనుండదు. కూలి మాత్రం ఇవ్వాల్సిందే.

సర్వీసుకి తొమ్మిది వేలు అవుతుందన్నాడు బొబ్బిలి డీలరు. బండి రెండు రోజులు వదిలెయ్యాలన్నాడు. ఆయిలూ ఫిల్టర్లూ కొని సొంతంగా మార్చుకుంటే మూడున్నర వేలు. ఉభాల రోజుల్లో ఆ తేడా చిన్నది కాదు. అందుకే నాలుగైదు వీడియోలు చూసి, పొద్దున్నే పానాలు పట్టుకున్నాడు.

ఆయిలు మార్చాడు. డీజిలు ఫిల్టరు మార్చాడు. అంతే, బండి మొండికేసింది.

"లైన్లో గాలి పట్టీసినాది, బాబూ."

వెనక్కి తిరిగాడు. మోకాళ్ళ దాకా బురదతో ఉభాల గుంపులోని మనిషి. నలభై అయిదేళ్ళుంటాయి. కూలీల మేస్త్రి పోతురాజు ఈ ఏడే కొత్తగా తీసుకొచ్చాడు.

"ఏటీ?"

"ఫిల్టరు మార్సినప్పుడు గాలి సేరిపోతాది. అది తీసీకపోతే డీజిలు ముందుకెల్దు. నాను తీసెత్తాను, సూడు."

"ఉభాలకొచ్చినావు. ఉభాలు సూసుకో."

ఆవిడ మడిలోకి దిగిపోయింది.

ఫోను సిగ్నలు కోసం గిరిబాబు రోడ్డు మీదికి నడిచాడు. మెకానిక్ రేపు గాని రాడన్నారు డీలరు షాపువాళ్ళు. ఊరికి వచ్చినందుకు వెయ్యి వేరే అన్నారు.

విసుక్కుంటూ తిరిగొచ్చేసరికి ఆవిడ మళ్ళీ బండి దగ్గర ఉంది. ఫిల్టరు మీద బోల్టు వదులుచేసి, పక్కనున్న చిన్న పంపుని చేత్తో కొడుతోంది. డీజిలు బుడగలు బుడగలుగా పైకి పొంగి, తేటపడుతోంది.

గిరిబాబుకి ఒళ్ళు తెలియలేదు. చెయ్యి పట్టుకుని ఇవతలకి లాగేశాడు. ఆవిడ తూలి, పడబోయి నిలదొక్కుకుంది.

"ఎవలే నిన్ను ముట్టుకోమన్నారు? పంపు పాడైపోతే ఎవలు కడతారు, నువ్వా?"

గుంపంతా నడుములెత్తి చూసింది.

"బుడగలు ఆగిపోనాయి, బాబూ. ఆ బోల్టు బిగించి ఒక్కపాలి తాళం తిప్పు."

బిగించాడు. తిప్పాడు.

ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. పదిమందిలో తల కొట్టేసినట్టయింది గిరిబాబుకి. సంతోషించాల్సిన చోట ఉక్రోషం వచ్చింది.

"పోతురాజూ! రేపట్నించి ఈ మనిసిని నా పొలంలోకి తేకు."

సాయంత్రం గుంపు ఆటో ఎక్కుతుంటే ఆవిడ ఒక్కర్తే వెనక్కి వచ్చింది. ముఖంలో కోపం లేదు.

"బాబూ, ఆయిలూ ఫిల్టర్లూ నువ్వే మార్సుకో. దానికి డీలరెందుకు? గానీ నాగలెత్తే లిఫ్టు కాడా క్లచ్చి కాడా సెయ్యెట్టకు. అక్కడ లోబం సేస్తే పదింతలు పోతాది. గాలి ఫిల్టరు మాత్రం వారానికోపాలి కడుగు. దుమ్ములో దీనికి ఊపిరాడదు."

గిరిబాబు బండెక్కి ఇంటిదారి పట్టాడు.

కానీ చెప్పినట్టే చేశాడు. నల్లపొగ తగ్గింది. డీజిలు కలిసొచ్చింది. రెండో సర్వీసూ ఇంటి దగ్గరే అయిపోయింది. గాలి ఫిల్టరు విప్పిన ప్రతిసారీ ఆవిడ గుర్తొచ్చేది. పేరైనా అడగలేదు కదా అనిపించేది.

కోతలకి మనుషుల్ని మాట్లాడుతూ మేస్త్రితో అన్నాడు.

"ఆ ట్రాక్టరు పని తెలిసిన మనిసిని, ఆ అప్పని, ఈపాలి తప్పకుండా తీసుకురా, పోతురాజూ."

"నువ్వే వద్దన్నావు కదా, బాబూ. ఆ మర్నాడే గుంపులోంచి మానిపించీసినాను. ఎటెల్లిపోనాదో తెల్దు. ఫోనైనా లేదు ఆ మనిసికి."

గిరిబాబు మిగతా మనుషుల్ని మాట్లాడుకుని వచ్చేశాడు.

ఆ వారమే లిఫ్టు పట్టేసింది. దాని జోలికి పోకుండా బండిని నేరుగా బొబ్బిలి తోలుకెళ్ళాడు. మెకానిక్ ఉపేంద్ర లిఫ్టు బాగుచేసి, బానెట్ ఎత్తి చూశాడు.

"ఇంజను శుబ్బరంగా ఉన్నాదే! సర్వీసు ఎవలు సేస్తన్నారు?"

"నానే."

అన్నాడు గాని, అది సగం నిజమే అనిపించింది.

"ఒకావిడ నేర్పినాది," అన్నాడు మెల్లగా.

ఉపేంద్ర బండి నెంబరు కంప్యూటర్లో కొట్టి, ఆశ్చర్యంగా తలెత్తాడు.

"గిరిబాబుగోరూ, ఇది ఫైనాన్సోల యార్డులో కొన్నారా?"

"అవును. కాగితాలన్నీ బ్రోకరే సూసినాడు. ఏం?"

"మా జగ్గమ్మగోరి బండి ఇది. మొగుడు పోయినాక తనే తోలి, నలుగురి పొలాలూ దున్ని కిస్తీలు కట్టీది. మాకాడికి ఫిల్టర్లు కొనడానికే వచ్చీది, సర్వీసు మాత్రం సొంతంగానే. ఆకరి రెండు కిస్తీలు కట్టలేకపోతే ఫైనాన్సోలు లాక్కుపోనారు. కొన్నోలు బాగా సూసుకుంటన్నారో లేదోనని రెండుపాల్లు వచ్చి అడిగినాది, పాపం."

గిరిబాబు కౌంటరు మీదికి వంగాడు.

ఉపేంద్ర కంప్యూటరు తెర ఇటు తిప్పాడు: బండి కొన్న రోజు షోరూం ముందు తీసిన ఫొటోలో, పూలదండ వేసిన కొత్త ట్రాక్టరు పక్కన, భర్త భుజానికి ఆనుకుని నవ్వుతూ నిలబడి ఉంది, ఆ రోజు మడిలో తను చెయ్యి పట్టుకుని ఇవతలకి లాగేసిన మనిషి.