తూకం తప్పిన చోట

"తప్పు చూపే ఎర్ర దీపం నీ బోర్డు డేటా దగ్గరే వెలిగింది. రేపట్నుంచి రావద్దమ్మా," అన్నాడు చీఫ్ ఇంజనీరు, జూనియర్ ఇంజనీరమ్మాయితో. పక్కనే అతని బామ్మర్ది బుద్ధిమంతుడిలా తలూపాడు.

"సార్, ఒకట్లకీ సున్నాలకీ తూకం తప్పితే రిసీవర్ దీపం వెలిగిస్తుంది. కానీ తప్పు జరిగిన చోటే వెలగాలని లేదు. ముందు వచ్చిన డేటాలో ఒక్క బిట్టు తిరగబడి ఒకటి కాస్తా సున్నా అయినా, అది తర్వాతి డేటా దగ్గర బయటపడొచ్చు."

"సాకులు చెప్పకు."

ఆమె తన బోర్డు పీకి, ఆ స్థానంలో చీఫ్ సొంత బోర్డు తగిలించింది. దీపం మళ్ళీ వెలిగింది.

"మీరు కూడా రేపట్నుంచి రారా సార్?"

చీఫ్ వంగి వైర్లు చూశాడు. "దీనికి ముందు వెళ్ళే డేటా ఎవరిది?"

"నాదే బావా," అన్నాడు బామ్మర్ది.

చీఫ్‌కి ఇంట్లో భార్య ముఖం కళ్ళముందు కదిలింది.

"ఒక్క బిట్టుకే ఉద్యోగం పీకేస్తారటమ్మా ఎవరైనా? వెళ్ళి పని చూసుకో."