హస్తవాసి

"చేతకాదని ఒక్క మాట చెప్పెయ్యి సాలమోనూ, ఇంకోడికి చూపించుకుంటాను," అన్నాడు వీరవెంకటరమణ, కారు షెడ్డు ముందు ఆపుతూ. ఆయన ఆపాడు గాని కారు నోరు మూయలేదు. ఇంజనులోంచి కీచుమని ఒకటే అరుపు. రోడ్డుకు అవతల లారీకి కొబ్బరికాయలు ఎత్తుతున్న కూలీలు పని ఆపి మరీ ఇటు తిరిగారు.

మెకానిక్ సాలమోనుకు తల కొట్టేసినట్టయింది. ఇది మూడోసారి. పదిహేను రోజుల కింద ఇదే కారుకు డైనమో బాగుచేసి కొత్త బెల్టు వేశాడు. మర్నాడే అరిచింది. బిగువు సరిచేసి పంపాడు. మర్నాడు మళ్ళీ అరిచింది. బెల్టు నాసిరకమేమోనని రాజమండ్రి నుంచి కంపెనీ బెల్టు తెప్పించి, అది తిరిగే పుల్లీలు కూడా మార్చి నిన్న సాయంత్రం అప్పగించాడు. తెల్లారేసరికి ఇదిగో, ఈ గోల.

చిత్రమేమిటంటే షెడ్డులో ఉన్నంతసేపూ అది కిక్కురుమనదు. ముక్కామల దాకా తోలి తీసుకొచ్చినా బుద్ధిగానే ఉంటుంది. రమణ ఇంట్లో ఒక్క రాత్రి నిద్రచేసి లేచిందంటే మాత్రం మొదలు. ఆ సంగతే చెప్పబోతే రమణకు ఒళ్ళు మండింది.

"అంటే తప్పు మా ఇంటిదంటావా?"

"అబ్బే, అలా అనలేదండి."

"నీ హస్తవాసి మంచిదని నలుగురికీ చెప్పింది నేను. ఇప్పుడా నలుగురూ నన్ను చూసి నవ్వుతున్నారు. ఈ స్థలం నాదన్న సంగతి గుర్తుందా? రేపు పొద్దున్న గాని ఇది అరిచిందా, ఎల్లుండికి నీ రేకులు విప్పేసుకో."

కారు అక్కడే వదిలేసి ఎవరి బండి మీదో ఎక్కి వెళ్ళిపోయాడు.

రేకులు విప్పుకోవడమంటే ఆయనకు మాట. సాలమోనుకు బతుకు. కువైట్‌లో పరాయి ఇళ్ళు తుడుస్తూ భార్య వాణి నాలుగేళ్ళు పంపినదంతా ఆ రేకుల్లోనూ, ఆ పనిముట్లలోనూ ఉంది. పైగా ఊళ్ళో అప్పుడే మాట పుట్టింది, సాలమోను చెయ్యి పెడితే బండి ఏడుస్తుందని. అంబాజీపేటలో పుట్టిన మాట కొబ్బరి లారీ కన్నా ముందే అమలాపురం చేరుతుంది. వారం నుంచీ షెడ్డుకు ఇంకో బండి వచ్చిన పాపాన పోలేదు.

ఆ రోజు ఆదివారం. గుళ్ళో ప్రార్థన మానుకుని బానెట్ కింద తల దూర్చాడు. పుల్లీలు ఒకే వరసలో ఉన్నాయి. బిగువు సరిగ్గా ఉంది. మరి ఏమిటి దీని రోగం? బెల్టు ఊడదీసి ఎండలోకి తెచ్చి తిప్పి చూశాడు. గాడుల్లో సన్నగా ఏదో పొర పట్టి ఉంది. గోటితో గీకి వాసన చూశాడు.

పసుపు!

పరుగున వెళ్ళి తుక్కులో పారేసిన పాత బెల్టు వెతికి తీశాడు. దాని గాడుల్లోనూ అదే. సాలమోనుకు ఎన్నాళ్ళకో నవ్వొచ్చింది. వాహనపూజ! బండికి పసుపూ కుంకుమా పెట్టని ఇల్లు ఈ చుట్టుపక్కల ఎక్కడుంది? ఆ ఇంట్లో ఎవరో భక్తి ఎక్కువై లోపల కూడా చల్లి ఉంటారు. కాని ఊరికే చెబితే రమణ నమ్మడు, మళ్ళీ మా ఇంటిదే తప్పంటావా అంటాడు. చూసి, చూపించి మరీ చెప్పాలి.

బెల్టూ పుల్లీలూ శుభ్రంగా తుడిచి బిగించి, సాయంత్రం తనే కారు తోలుకెళ్ళి అప్పగించాడు. కారు అరుపు గురించి రమణ అడగలేదు. "సీటు మీద గుడ్డ వేసుకున్నావా?" అని అడిగాడు. "ఆయ్, వేసుకున్నానండి," అన్నాడు సాలమోను. ఎప్పుడూ వేసుకునేదే. గ్రీజు బట్టలు మరి.

మర్నాడు తెల్లవారుతూనే వెళ్ళి రమణ ఇంటి గేటు దగ్గర నిలబడ్డాడు. అనుకున్నట్టే అయింది. వాకిట్లో కారు బానెట్ ఎత్తి ఉంది. రమణ పళ్ళు తోముకుంటూ పక్కనే నిలబడ్డాడు. ఆయన తల్లి దుర్గమ్మగారు చెంబులో పసుపునీళ్ళు పట్టుకుని, మామిడాకుతో ఇంజనంతా చల్లి, మిగిలినవి నిదానంగా ఆ మూలా ఈ మూలా పోసేస్తోంది.

సాలమోనుకు ప్రాణం లేచొచ్చింది. "అదేనండి! అరుపంతా దానివల్లేనండి!" అంటూ గేటు బయట నుంచే గబగబా చెప్పుకుపోయాడు. పసుపునీళ్ళు గాడుల్లోకి దిగితే బెల్టు జారుతుందనీ, జారితే అరుస్తుందనీ, కారుకు ఏ రోగమూ లేదనీ, తన పనిలో లోపం అసలే లేదనీ. షెడ్డు నిలబడిందన్న సంబరం అతనిది.

రమణ బ్రష్ నోట్లోనే ఉంచుకుని మొహం అటు తిప్పుకున్నాడు.

దుర్గమ్మగారు మాత్రం నొచ్చుకుంది. "అయ్యో, దీనివల్లా నాయనా! తెలీక నిన్ను అన్ని మాటలన్నాడే మావాడు," అంది.

"ఫరవాలేదండి అమ్మగారూ. దేవుడి పని, ఎవరు కాదంటారు? పైన బొట్టు పెట్టుకోండి, చాలు. ఇలా రోజూ ఇంజను మీద మాత్రం పొయ్యకండి."

"రోజూ ఎందుకు పోస్తాం నాయనా," అంది దుర్గమ్మగారు ఎంతో ఆప్యాయంగా. "నీ చెయ్యి పడ్డ మర్నాడు శుద్ధి చేసుకుంటాం, అంతే."