తుడుచుకునే కాగితానికి సింగారం

"మళ్ళీ చిరిగింది," అంది సూపర్‌వైజరు. "ఇంకోసారి చెయ్యండి."

పెద్దాయన చిరిగిన ముక్కను జేబులో కుక్కుకుని, బాత్రూమ్ గోడకున్న టాయిలెట్ పేపర్ కొసను మళ్ళీ పట్టుకున్నాడు. తువాళ్ళ దొంతరతో గుమ్మంలో నిలబడ్డ, హోటల్లో అందరూ దుప్పట్లక్క అని పిలిచే పనామెకు ప్రాణం ఉసూరుమంది. పొద్దుట్నుంచి ఇరవై రెండు గదుల దుప్పట్లు మార్చి ఆమె నడుం ఎప్పుడో పడిపోయింది. అయినా తన నొప్పి కంటే ఆయన్ని చూస్తేనే ఎక్కువ నీరసం వచ్చింది.

ఆ హోటల్లో అదొక పిచ్చి. టాయిలెట్ పేపర్ కొస ఊరికే వేలాడకూడదు. మామూలు గదుల్లో త్రికోణం, పెద్ద గదుల్లో విసనకర్ర, పై అంతస్తులో గులాబీ. బాత్రూమ్‌లో అడుగుపెట్టిన అతిథి 'ఆహా' అనాలట! అన్న మరుక్షణం దాన్నే లాగి, తుడుచుకుని పారేస్తాడు. ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. కొత్తగా వచ్చినవాళ్ళు మూడు రోజుల్లో మూడు మడతలూ నేర్చుకుంటే ఉద్యోగం, లేకపోతే ఇంటికి. తేల్చి సంతకం పెట్టేది సూపర్‌వైజరే. పెద్దాయనకు ఇది మూడో రోజు.

త్రికోణం మొదటి రోజే వచ్చేసింది. విసనకర్ర నిన్న కిందామీదా పడితే కుదిరింది. గులాబీ మాత్రం ఆయన్ని ఏడిపించుకు తింటోంది. ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీలో ఇనప కడ్డీలు కోసిన చేతులాయె. ఫ్యాక్టరీ మూతపడి ఏడాదైనా ఆ వేళ్ళ గరుకు పోలేదు. తగిలితే చాలు, పేపర్ చిరుగుతోంది.

"కళ్ళజోడు పెట్టుకోండి. పై జేబులోనే ఉంది," అంది సూపర్‌వైజరు విసుగ్గా.

"సరే మేడమ్."

"ఊపిరి అలా బిగబట్టకండి. చెయ్యి వణుకుతుంది."

ఈవిడకి కొరడా అని పేరు పెట్టినవాళ్ళ నోట్లో పంచదార పొయ్యాలి అనుకుంది దుప్పట్లక్క.

టీ వేళకి మనసాగక, ఆయన కోసం ఓ కప్పు టీ తెచ్చింది. రెండు చెంచాల చక్కెర ఎక్కువే వేయించింది. "చక్కెర వేసిన టీ! ఇంట్లో ముట్టనివ్వరమ్మా," అంటుంటే ఆయన మొహం వెలిగిపోయింది. కప్పు పెదాల దాకా వెళ్ళిందో లేదో, సూపర్‌వైజరు ఎక్కణ్ణుంచి ఊడిపడిందో, చేతిలోంచి లాక్కుని సింకులో ఒంపేసింది.

"ట్రైనింగ్‌లో టీలు లేవు."

"ఒక్క గుక్కేనండీ, పాపం!"

"నీ పని నువ్వు చూసుకో." కప్పు అక్కడ పెట్టేసి వెళ్ళిపోయింది.

"గుండా అది, రాయా?" పళ్ళు నూరింది దుప్పట్లక్క.

"పోనీలేమ్మా. ఆవిడని ఏమీ అనకు," అన్నాడు పెద్దాయన.

"మీ మంచితనమే మిమ్మల్ని ముంచేది! ఇంట్లో ఎవరున్నారండీ?"

"మా ఆవిడ. ఏడాదిగా తను సంపాదిస్తే నేను కూర్చుని తింటున్నా. ఒక్కనాడు ఒక్క మాటంటే ఒట్టు. తిట్టేసినా బాగుండేదమ్మా. ఈ ఉద్యోగం వస్తే తనని కొన్నాళ్ళు విశ్రాంతిగా ఇంటిపట్టున కూర్చోబెడదామని..." మిగతాది మింగేసి మళ్ళీ రోల్ వైపు తిరిగాడు.

ఏమైతే అదయింది, ఈయన్ని ఇంటికి పోనివ్వకూడదు అనుకుంది దుప్పట్లక్క.

నాలుగింటికి ఆఖరి పరీక్ష. "పది నిమిషాలు. నేనొచ్చేసరికి గులాబీ ఉండాలి," అని సూపర్‌వైజరు వరండాలోకి వెళ్ళింది. వెళ్ళీ వెళ్ళగానే దుప్పట్లక్క బాత్రూమ్‌లోకి దూరింది.

"జరగండి!"

"వద్దమ్మా, నీకు మాటొస్తుంది."

"జరగమంటుంటే!"

పదిహేనేళ్ళ అలవాటు. చిటికెలో గులాబీ విచ్చుకుంది. ఆమె తువాళ్ళు పట్టుకుని గదిలోకి వచ్చి, ఏమీ ఎరగనట్టు నిలబడింది.

సూపర్‌వైజరు వచ్చి గులాబీని చాలాసేపు చూసింది. కాగితం తీసింది. పెన్ను మూత తీసింది. సంతకం చోట పెన్ను ఆనించి, తలెత్తకుండానే అడిగింది.

"మీరే చేశారా?"

ఊఁ అనండి, ఊఁ అనండి అని దుప్పట్లక్క వెనకనుంచి కళ్ళతోనే మొత్తుకుంది.

"కాదు మేడమ్," అన్నాడు పెద్దాయన.

"మరెవరు?"

"అది అడక్కండి. నేను మాత్రం కాదు."

పెన్ను కాసేపు కదల్లేదు. తర్వాత ఏదో రాసి సంతకం పెట్టింది. "రేపట్నుంచి రానక్కర్లేదు," అంది.

"సరే మేడమ్." ఆయన హోటల్ ఏప్రన్ విప్పి, నాలుగు మడతలు పెట్టి కుర్చీ మీద ఉంచి వెళ్ళిపోయాడు. మెట్లమీద ఆయన అడుగులు చాలాసేపు వినిపించాయి.

దుప్పట్లక్క ఇక ఆగలేకపోయింది. "మీరసలు మనిషేనా? ఆ గులాబీ నేనే చేశాను. తీసేస్తే నన్ను తీసెయ్యండి!"

"తెలుసు. నీ మడత నాకు తెలీదా?"

"తెలిసీ అడిగారా! ఊఁ అనుంటే ఏం చేసేవారు?"

"పాస్ చేసేదాన్ని." సూపర్‌వైజరు గొంతు నీరసంగా ఉంది. "పెన్ను కూడా ఆనించాను. ఆయనే నిజం చెప్పాక నేనెలా అబద్ధం రాయను?"

"బాగుంది! ఇప్పుడాయన ఇంటికెళ్ళి పెళ్ళానికి మొహమెలా చూపిస్తాడు? ఆవిడ గురించి ఒక్క క్షణమైనా ఆలోచించారా?"

సిబ్బంది కూర్చోకూడని మంచం అంచున సూపర్‌వైజరు కూలబడింది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మూడు రోజులుగా అదే ఆలోచన."

"ఆవిడెవరో, ఏమిటో మీకేం తెలుసు?"

"వాళ్ళావిడని నేనే."