హల్వార్ వలయం

వానలో తడిసి ముద్దయి, బెర్గెన్ ఊరి గ్రంథాలయం మెట్లు రొప్పుతూ ఎక్కాడు హల్వార్. ఈరోజు పరీక్షకుల ముందు ఉపన్యాసం గట్టెక్కితే ప్రొఫెసర్. లేకపోతే బావమరిది చేపల దుకాణం.

"నాలుగుసార్లు తప్పావు. ఈసారీ తప్పితే సోమవారం నుంచి మా తమ్ముడి దగ్గర పొలుసులు గీక్కో," అని పొద్దున్నే తేల్చి చెప్పేసింది భార్య సున్నీవా.

పాతికేళ్లుగా అతని చదువంతా ఒకటే. ఎవరేమన్నా, దాని అసలు అర్థం ఏమిటి? ఇంట్లో మాత్రం సున్నీవా మాట ఒక్కటీ సరిగ్గా అర్థమై చావదు.

యూనివర్సిటీ కప్పు కారుతోందని ఉపన్యాసం ఇక్కడికి మార్చారు. ఎదురుగా కనిపించిన గది తలుపు తోశాడు హల్వార్. ఒళ్లో సంచులు పెట్టుకుని ముగ్గురు కూర్చున్నారు. పరీక్షకులు పైఊళ్లవాళ్లు, అతనికి మొహాలు తెలియవు. కొత్తవాళ్లని పేర్లడిగి ఇబ్బంది పెట్టడం ఆ ఊరి మర్యాద కాదు. నేరుగా మొదలెట్టేశాడు.

"ముక్క అర్థం కావాలంటే మొత్తం తెలియాలి. మొత్తం తెలియాలంటే ముక్క అర్థం కావాలి. అందుకే చుట్టూ తిరుగుతూనే ఉండాలి!"

"మరి మొదలెక్కడ పెట్టాలండీ?" అంది పెద్దావిడ.

"ఎక్కడైనా పెట్టండి. తిరిగి అక్కడికే వస్తారు. కాకపోతే ఓ మెట్టు పైకొస్తారు."

"మధ్యలో ఒకటి జారిపోతే?" అంది పక్కనున్న అమ్మాయి.

అబ్బ, ఏం ప్రశ్న! అర్థం జారిపోవడం మీద అతను ఏకంగా ఓ పుస్తకమే రాశాడు. "జారిన చోటికి వెనక్కి వెళ్లాలమ్మా. సిగ్గుపడకూడదు."

"నాకెప్పుడూ బిగుసుకుపోతుందండీ," అని గొణిగాడు గడ్డపాయన.

"ఇలాగే రావాలని ముందే పట్టుబడతారు, అదీ సంగతి. కాస్త వదులుగా పోనివ్వండి."

ముగ్గురూ ఊపిరి లోపలికి పీలుస్తూ "యా" అన్నారు. ఆ తీరంలో అలా అన్నారంటే మనసారా ఒప్పుకున్నట్టే. హల్వార్ రెచ్చిపోయి ఇంకో అరగంట దంచాడు.

చివరికి ఆపాడు. "ఎలా ఉందండీ?" అని భయంభయంగా అడిగాడు.

పెద్దావిడ ఒళ్లో సంచి సర్దుకుంది.

"ఫర్వాలేదు," అంది.

ఫర్వాలేదట! ఆ ఊళ్లో అంతకు మించిన మెచ్చుకోలు లేదు. పెళ్లినాడు సున్నీవా కూడా అంత మాట అనలేదు. హల్వార్ కళ్లు చెమర్చాయి. ఫోను కోసం జేబులు తడుముకున్నాడు. ప్రొఫెసర్ హల్వార్! ఇక చేపల పీడ వదిలింది.

పెద్దావిడ సంచి విప్పింది.

"అయితే మాస్టారూ, ఇక సూదులూ ఊలూ బయటికి తియ్యమంటారా, మేజోళ్లు అల్లడం ఈవేళే మొదలెడతారా?"