సాలెగూటిలో కాలిబాట

కొండ మీది అడవిలో సాలీడు మామ రోజూ పొద్దున్నే చెట్టు మీంచి కింది కాలిబాటను చూసి, దాన్ని ఉన్నదున్నట్టు తన గూటిలో అల్లేవాడు. జంతువులన్నీ నీడన కూర్చుని ఆ గూడు చూసేవి. అలా చూడటాన్నే నడక అనుకునేవి.

"ఇవాళ కొండ కొస దాకా ఎక్కి దిగాను. కాలికి మట్టే అంటలేదు!" అంది కుందేలు.

నడిచేవాళ్ళు లేక బాటను గరిక కమ్మేస్తోంది. "ఇంకో వాన పడితే నేనుండను తల్లీ," అని బాట మేకపిల్ల దగ్గర ఏడ్చింది.

మేకపిల్లకు ఒళ్ళు మండింది. బండెక్కి అరిచింది. "నడిచేవాడిదే దారి! నడిస్తే పోయేదేమీ లేదు, కాళ్ళ తిమ్మిరి తప్ప! లేవండి!"

"గొంతు బాగుందమ్మా. కాస్త పక్కకు జరుగు, గూడు కనబడటం లేదు," అంది నక్క.

వాన పడింది. మర్నాడు సాలీడు కిందికి చూస్తే సగం బాట లేదు.

"అయ్యో, ఇప్పుడు ఏం చూసి అల్లేది?" అని గొల్లుమన్నాడు.

"ముందు దిగి నడువు మామా, తర్వాత అల్లుదువు గానీ!" అంది మేకపిల్ల.

సాలీడు సిగ్గుపడుతూ దారం పట్టుకుని దిగాడు. నినాదాలిస్తూ గరిక తొక్కుతున్న మేకపిల్ల వెనకే గబగబా నడిచాడు.

బాటకు చక్కిలిగింత పుట్టింది. "నీ ఉద్యమంలో చేరింది ఒక్కడే అయినా, ఎనిమిది కాళ్ళతో చేరాడే పిల్లా!" అని పకపకా నవ్వింది.