సగం తలనొప్పి

"తల పగిలిపోతోంది నాయనా" అంది మంచం మీది ఆవిడ, మోచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని.

ఆవిడ తల కన్నా ముందు చిన్న డాక్టరు తలే భయంతో పగిలేలా ఉంది. గది మూల కుర్చీలో పెద్ద డాక్టరమ్మ కూర్చుంది. మాట్లాడదు, నవ్వదు. చేతిలో కలం మాత్రం సిద్ధంగా ఉంది.

భయపడడూ మరి? పోయినసారి పరీక్షలో ఇదే గదిలో బోల్తా కొట్టాడు. రోగి "కడుపు" అనగానే అజీర్తి అని తేల్చేసి, మందు కూడా చెప్పేశాడు. "ఎదుటి మనిషి మాట వినడం నేర్చుకుని రా" అని పంపేసింది పెద్ద డాక్టరమ్మ. ఈసారీ తప్పాడంటే, వెనక చేరిన పిల్లలంతా సీనియర్లయి కూర్చుంటారు. అక్కడ వాళ్ళమ్మేమో 'మావాడు డాక్టరు' అని వీధి వీధంతా ఎప్పుడో చాటేసింది.

నాలుక చివరిదాకా వచ్చిన మాత్ర పేరు గుటుక్కున మింగి, స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.

"ఎక్కడమ్మా నొప్పి?"

"తలలో."

మూలన కలం కదిలింది. కుర్రాడికి చెమట పట్టింది.

"తలంతానా, ఒక పక్కేనా?"

"ఎడం పక్క. కంటి వెనకనించి."

"పట్టీ బిగించి కట్టినట్టుందా?"

"కాదు. లోపల ఎవడో సుత్తి పట్టుకుని కూర్చున్నాడు. నాలుగు మెట్లెక్కానంటే వాడికి ఇంకా హుషారు."

ఆవిడ కళ్ళమీంచి చెయ్యి తియ్యడం లేదని అప్పుడు గమనించాడు. లేచి కిటికీ పరదా లాగేశాడు. లైటు ఆర్పేశాడు. ఆర్పాక గానీ గుర్తు రాలేదు, మార్కులు వేసే మనిషిని కూడా చీకట్లో కూర్చోబెట్టానని. నాలుక కరుచుకున్నాడు. అయినా లైటు మళ్ళీ వెయ్యలేదు.

"హమ్మయ్య" అని ఆవిడ చెయ్యి తీసింది.

"నొప్పి మొదలయ్యే ముందు కళ్ళకేమైనా కనబడుతుందా?"

"మెరుస్తూ వంకరటింకర గీతలు. అవి కనబడ్డాయంటే ఆ రోజు నా పని అయిపోయినట్టే."

"వికారం?"

"ఉంది. నీ సెంటుతో ఇంకాస్త పెరిగింది."

కుర్రాడు బిక్కచచ్చిపోయాడు. ధైర్యం కోసమని పొద్దున కోటు తడిసేలా కొట్టుకొచ్చాడు మరి. కోటు విప్పి తలుపు బయట తగిలించి వచ్చి, స్టూలు కాస్త దూరం జరుపుకున్నాడు.

"ఎప్పుడూ లేనంతగా, ఒక్కసారిగా వచ్చిందా? చెయ్యీ కాలూ పట్టు తప్పడం, మాట తడబడటం?"

"అవేం లేవు. ఏళ్ళ తరబడి నన్ను పట్టుకు వేలాడేది ఇదే."

"ఎప్పుడెప్పుడు వస్తుంది?"

"తిండి వేళ దాటితే వస్తుంది. సెలవు కదా అని పొద్దెక్కేదాకా పడుకున్నా వస్తుంది. మా ఆడపడుచు వచ్చినా వస్తుంది."

"ఆడపడుచు వల్ల రాదమ్మా."

"నీకు మా ఆడపడుచు తెలీదు."

పోయినసారయితే అక్కడితో వదిలేసేవాడే. ఈసారి వదల్లేదు. "ఆవిడొస్తే ఇంట్లో ఏం మారుతుంది?"

"మారేదేముంది? తెల్లవార్లూ కబుర్లు. కంటిమీద కునుకుండదు."

"అదీ సంగతి. తప్పు నిద్రలేమిది, ఆడపడుచుది కాదు."

"ఆ మాట మా ఇంటికొచ్చి చెప్పకు బాబూ, నీకు పుణ్యముంటుంది."

మూలనుంచి దగ్గులాంటిదేదో వినబడింది. నవ్వేమోనని అనుమానం వచ్చింది కానీ చీకట్లో తేలలేదు.

"ఇంట్లో వాళ్ళేమంటారమ్మా?"

ఆవిడ గొంతు దిగిపోయింది. "పని ఎగ్గొట్టడానికి వేషాలంటారు." కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

కుర్రాడు స్టూలు మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. పరీక్ష సంగతే మరిచిపోయాడు.

"వేషాలు కాదమ్మా. మామూలు తలనొప్పయితే తలంతా బిగేసినట్టుంటుంది, విసుక్కుంటూనైనా పని చేసుకోగలం. మీది పార్శ్వపు నొప్పి, మైగ్రేన్. మనిషిని మంచాన పడేస్తుంది. వేళకి తినండి, వేళకి పడుకోండి, ఘాటు వాసనలకి దూరంగా ఉండండి. దీనికి మందులున్నాయి, మొదలవుతుండగానే వేసుకోవాలి. మీకు సరిపడేది చూసి రాసిస్తాను. మీ ఆయన్ని ఒకసారి నా దగ్గరికి పంపండి, నేను చెప్తాను."

"నువ్వు చెప్తే వింటారంటావా?"

"వినేదాకా చెప్తాను."

టైమైపోయిందని బయట గంట మోగింది. కుర్రాడు ఆవిడ చేతికి మంచినీళ్ళ గ్లాసు అందించాడు. పెద్ద డాక్టరమ్మ వైపు చూడాలన్న ధ్యాస కూడా లేకుండా, తలుపు చప్పుడవకుండా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.

ఆవిడ చటుక్కున లేచి లైటు వేసి, జుట్టు సవరించుకుంటూ పెద్ద డాక్టరమ్మతో అంది: "ఈ అబ్బాయికి నా వంతు మార్కులు నిండుగా వేసెయ్యండి మేడమ్, ఇక తర్వాతివాణ్ణి పిలవండి, వాడికి మామూలు తలనొప్పి నటిస్తాను."