ఎదురొచ్చిన మనిషి

అరుగు మీద కూర్చున్న ఆ మనిషి మూడో చెంబు చోడంబలి కూడా గటగటా తాగేసి, ఇంకా ఉందా అన్నట్టు చూసింది.

పోస్తున్న రాజులమ్మ విసుక్కుంది. సంత రోజున దాహమంటూ వచ్చినవాళ్లకి ఒక చెంబు పోయడం ఆ ఇంటి అలవాటు. మూడు చెంబులు పోయడం అలవాటు కాదు.

మనిషి చూస్తే ఎముకల గూడు. తల మీద జుట్టు అక్కడక్కడే మిగిలింది. గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు. వయసు నలభయ్యో అరవయ్యో చెప్పడం కష్టం. ఊరు పాచిపెంటట. పొద్దుటి బండి దిగి వచ్చిందట. కోడలమ్మతో ఒక్క మాట మాట్లాడాలని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ రాజులమ్మ తీరిక లేదంది. మూడోసారి అడగబోయి, కడుపు పట్టుకుని పెరటివైపు పరిగెత్తింది. వచ్చిన దగ్గర్నుంచి అది నాలుగోసారి.

ఏ అంటురోగమోనని రాజులమ్మ చెంబుని బూడిదేసి తోమించింది.

నిజంగానే ఆ రోజు ఆ ఇంట్లో ఎవరికీ తీరిక లేదు. మధ్యాహ్నం బండికి కోడలు చిన్నమ్మల్ని విశాఖపట్నం తీసుకెళ్లాలి. ఒళ్లు తగ్గే ఆపరేషనుకి.

చిన్నమ్మలుకి ముప్పై రెండేళ్లు. భర్త వరహాలరావు అరకులో కొండ సరుకు కొనే వ్యాపారి. నాలుగడుగులు నడిస్తే ఆమెకి ఆయాసం. పడుకుంటే ఊపిరాడదు. గోడకి చేరగిలబడి కూర్చునే నిద్రపోతుంది. కిందటి వేసవిలో, చింతపండు బస్తాలు తూచే కాటా మీద ఎక్కించి తూచారు. నూట పద్దెనిమిది కిలోలు. సంతకొచ్చినవాళ్లు నవ్వారు. వరహాలరావు కూడా కొంచెం నవ్వాడు. ఆ కొంచెం నవ్వే ఆమె మరిచిపోలేదు.

పట్నంలో రెండు ఆసుపత్రులు చూశారు.

మిషన్ ఆసుపత్రిలో ముసలి డాక్టరమ్మ కత్తి వద్దంది. వేపుళ్లు మానేసి రోజూ నడవమంది. నెలనెలా వచ్చి చూపించుకోమంది. రెండేళ్లు పడుతుందంది. రెండేళ్లనేసరికి చిన్నమ్మలుకి ఏడుపొచ్చింది.

నాలుగేళ్ల కిందట తెరిచిన నర్సింగ్ హోములో డాక్టరు ఆరు నెలలు చాలన్నాడు. పేగులో చాలా భాగం పక్కకి తప్పించి, మిగిలింది పొట్టిగా కలిపి కుట్టేస్తాడట. ఆ తర్వాత ఎంత తిన్నా ఒంటికి పట్టదట. చేతిలో ఒక కరపత్రం పెట్టాడు. అందులో రెండు బొమ్మలు. ఎడమవైపు బాగా లావుపాటి ఆడమనిషి. కుడివైపు అదే మనిషి, పట్టుచీర కట్టుకుని, నాజూగ్గా. అచ్చు మసకగా పడి మొహాలు సరిగ్గా తెలియడం లేదు గానీ నడుం మాత్రం బాగానే తెలుస్తోంది.

చిన్నమ్మలు ఆ కాగితాన్ని మడిచి కుంకుమ బరిణె కింద దాచుకుంది. రోజుకి పదిసార్లు తీసి చూసుకుంది. మిషన్ ఆసుపత్రే మేలని భర్త ఎంత చెప్పినా చెవినబెట్టలేదు.

"నాను ఈ బొమ్మలో మనిషిలాగవ్వాల. అంతే," అంది.

స్టేషనుకి తీసుకెళ్లే జీపు వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు. చిన్నమ్మలు గుమ్మం దాటి రెండడుగులు వేసిందో లేదో, పాచిపెంట మనిషి పెరట్లోంచి వచ్చి ఎదురుగా నిలబడింది.

"కోయించుకోకు తల్లీ. తిన్నది ఒంటికి పట్టదు."

వరహాలరావుకి నవ్వొచ్చింది. "మాకు కావలిసిందీ అదే కదేటి."

"నీకేటి తెలుసు?" అంది చిన్నమ్మలు. ఆ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ.

చుట్టూ మగవాళ్లున్నారని కూడా చూడకుండా, ఆ మనిషి పొట్ట మీది చీర పక్కకి లాగబోయింది.

రాజులమ్మ రెక్క పట్టుకుని ఈడ్చేసింది. "సిగ్గులేదేటే నీకు? మంచికెల్తంటే ఎదురొచ్చి, ఏటీ పిచ్చి సేష్టలు?"

గట్టిగా లాగలేదు కూడా. అయినా ఆ మనిషి వెళ్లి రోడ్డు పక్కన పడింది.

శకునం చెడింది. అలాంటప్పుడు ఏం చేయాలో రాజులమ్మకి బాగా తెలుసు. కోడల్ని లోపలికి పిలిచి కాళ్లు కడిగించింది. మంచం మీద కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించింది. ఉప్పూ ఎండుమిరపకాయలూ దిష్టి తీసి పొయ్యిలో పడేసింది. ఎదురొచ్చినదానికి విరుగుడు చేశారు. ఎదురొచ్చి ఏమందో మాత్రం ఎవరూ మళ్లీ తలుచుకోలేదు.

జీపు కదులుతుంటే ఆ మనిషి లేచి వెంట పరిగెత్తబోయింది. పది గజాలు రాకుండానే కడుపు పట్టుకుని కూలబడింది. చిన్నమ్మలు తల తిప్పుకుంది.

ఆపరేషను బాగానే జరిగిందన్నారు.

ఆరో రోజున ఆయా గంగ ఆమె చెయ్యి పట్టుకుని వరండాలో నడిపించింది. డాక్టరు గది బయట గోడకి గాజు ఫ్రేముల్లో రెండు పెద్ద ఫోటోలున్నాయి. కరపత్రంలోవే.

చిన్నమ్మలు మొహం విప్పారింది. "ఈవిడ్ని సూసే నాను ఈ ఆస్పత్రికొచ్చాను. ఇప్పుడెలాగుందేటి?"

గంగ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. పేగు మళ్లీ ఎప్పట్లా కలపమని ఆవిడ రెండేళ్లుగా తిరుగుతోందట. డాక్టరు కుదరదన్నాడట. ఈమధ్య గేటు దగ్గరే ఆపేస్తున్నారట.

"మీరొచ్చే ముందు గేటుకాడ కూకుని, ఈ వారం ఆపరేషను ఎవులికని అడిగిందమ్మా. పాపమని నానే మీ పేరూ ఊరూ సెప్పాను."

చిన్నమ్మలు కుట్లు పట్టుకుని ఫోటో దగ్గరికి జరిగింది.

పట్టుచీర కట్టుకుని నవ్వుతున్న ఆ మొహంలో, గడ్డం మీద, మూడు పచ్చబొట్టు చుక్కలున్నాయి.